గ్లవ్ వేసుకుని నొక్కండి సార్

అధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. యుద్ధవిమానాల సేకరణ, అంటే కొనుగోలు విధానాల మీద మాట్లాడమని ఇరవై నిమిషాలే ఇచ్చారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

2007 ఫిబ్రవరిలో హవాయి నుంచి జపాన్‌లోని కదెనా వైమానిక స్థావరానికి బయల్దేరిన అమెరికా ఎఫ్-22 యుద్ధవిమానాల కంప్యూటర్లు అంతర్జాతీయ దినరేఖ దగ్గర మొరాయించాయి. దారి చూపే వ్యవస్థ పోయింది, రేడియో కూడా దెబ్బతింది. వెంట ఉన్న, గాల్లోనే ఇంధనం నింపే ట్యాంకర్ విమానాల వెనకే పడి ఎలాగో తిరిగొచ్చాయి. చూశారా, నవ్వుతున్నారు! ఎక్కడ చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం కడుపు మండుతుంది. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ కోడ్ వాళ్ళదే, తప్పు సరిచేసుకుని అదే నెలలో కదెనాలో దిగాయవి.

మా సంగతి వినండి. నేను కాక్‌పిట్ డిస్‌ప్లే, అంటే పైలట్ ముందుండే స్క్రీన్ల టెస్టింగ్‌లో ఉండేవాణ్ణి. ఒక పైలట్ వచ్చి తన గ్లవ్ నా టేబుల్ మీద పెట్టి, "ఇది వేసుకుని నొక్కండి సార్" అన్నాడు. స్క్రీన్ అంచున ఉన్న బటన్ నొక్కితే పక్కది కూడా పడింది. రెండేళ్ళుగా ఏసీ గదిలో ఉత్తి వేళ్ళతో నొక్కి పాస్, పాస్ అని సంతకాలు పెట్టినవాణ్ణి నేనే! పక్క బటన్ పనిని ఒక గడి అవతలికి జరిపితే చాలు. కానీ కోడ్ మాది కాదు, విదేశీ సరఫరాదారుది. కాంట్రాక్టు ప్రకారం అది "కొత్త అవసరం". దానికి వేరే ధర, వేరే కమిటీ, వేరే ఫైలు. పదకొండు నెలలు పట్టింది. మళ్ళీ చెబుతున్నా, పదకొండు నెలలు! కోడ్ మా దగ్గరుంటే మార్చడానికి ఒక పూట, మళ్ళీ టెస్టులకి పదిహేను రోజులు.

సేకరణ విధానాల మీద మాట్లాడమన్నారు. అదే మాట్లాడుతున్నాను లెండి.

1998 అణుపరీక్షల తర్వాత అమెరికా పెట్టిన ఆంక్షలతో, మన యుద్ధవిమానం తేజస్ ఫ్లైట్ కంట్రోల్ (విమానాన్ని అదుపులో ఉంచే వ్యవస్థ) పని మీద అమెరికాలో ఉన్న మన ఇంజనీర్లు వెనక్కి రావాల్సొచ్చింది. మిగిలిన పని బెంగళూరులో పూర్తి చేశారు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ తేజస్‌ని తొలిసారి గాల్లోకి లేపారు. అంటే మనవాళ్ళకి రాయడం రాక కాదు. కొనేటప్పుడు విమానాన్ని బేరమాడతాం, కోడ్ సంగతి అడగం. డబ్బున్న అమెరికాకీ తిప్పలు తప్పలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధం కాక 2023 జులై నుంచి ఏడాది పాటు కొత్త రకం ఎఫ్-35 యుద్ధవిమానాలను తీసుకోకుండా ఆపేశారు.

ముందు వరసలో కొనుగోలు కమిటీల్లో పనిచేసినవారు ముగ్గురున్నారు. అయ్యా, సోర్స్ కోడ్ (మార్చుకోడానికి వీలైన అసలు కోడ్) ఇవ్వాలని, మార్చుకునే హక్కు మాదేనని మీరు ఏ టెండర్‌లోనైనా రాయించారా? చెయ్యెత్తండి. మొహమాటం వద్దు, నేనూ ఎత్తలేను.