వైరు తగిలించే ముందు పిన్ను సంగతి చూడండి

అందరికీ నమస్కారం.

వినాయక చవితి మండపానికో, ఇంట్లో పూజగదికో రంగులు మారే ఎల్ఈడీ స్ట్రిప్ పెడదామని నోడ్‌ఎంసీయూ అనే, కోడ్‌తో నడిచే చిన్న కంట్రోలర్ బోర్డు కొన్నవాళ్లు మీలో చాలామందే ఉండుంటారు. కోడ్ గురించి ఇవాళ నేను పెద్దగా మాట్లాడను. అది నెట్‌లో కావలసినంత దొరుకుతుంది. పేచీ అంతా పిన్నుల దగ్గరే, అంటే బోర్డుకి వైర్లు తగిలించే కాళ్ల దగ్గరే.

బోర్డు మీద డీ4 అని అచ్చేసి ఉంటుంది. అది చూసి మీరు ఆర్డుయినో కోడ్‌లో 4 అని రాస్తారు. సిగ్నల్ మాత్రం డీ2కి పోతుంది! బోర్డు మీది నంబర్లు బోర్డు చేసినవాళ్లు పెట్టుకున్నవి. కోడ్‌లో ఉత్త అంకె రాస్తే అది లోపలున్న ఈఎస్‌పీ8266 చిప్పు జీపీఐఓ నంబరు, అంటే ఆ చిప్పు పిన్నులకి ఉన్న సొంత నంబరు. డీ1 అంటే 5, డీ2 అంటే 4, డీ4 అంటే 2. వరసా వావీ ఏమీ లేదు, ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి.

ఇంతకంటే ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. కరెంటు రాగానే ఈ చిప్పు మూడు పిన్నుల వంక చూస్తుంది: డీ3, డీ4, డీ8. మొదటి రెండూ హైలో, అంటే 3.3 వోల్టుల దగ్గర, డీ8 లోలో, అంటే సున్నా దగ్గర ఉంటేనే మీ ప్రోగ్రాం మొదలవుతుంది. మీరు డీ3కి మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ పెట్టి, దాని గేటుని, అంటే దాన్ని నడిపే కాలుని, రెసిస్టర్‌తో గ్రౌండ్‌కి, అంటే సున్నా వోల్టుల వైపుకి లాగారనుకోండి. డీ3 కూడా లో అయిపోతుంది. చిప్పు కొత్త ప్రోగ్రాం ఎక్కించుకోవడానికి సిద్ధమై అలాగే కూర్చుంటుంది. లైటు వెలగదు. బోర్డు పోయిందని మనం షాపువాడితో తగువు పెట్టుకుంటాం, పాపం వాడి తప్పేమీ లేదు. జీపీఐఓ 6 నుంచి 11 వరకు మీ ప్రోగ్రాం దాచుకునే ఫ్లాష్ మెమరీవి, వాటి జోలికే వెళ్లొద్దు. నన్నడిగితే డీ1, డీ2 వాడండి. బూట్ అయ్యేటప్పుడు అవి కిమ్మనకుండా ఉంటాయి.

ఇక వోల్టేజీ. ఈ చిప్పు పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు. డబ్ల్యూఎస్2812బీ అనే, ఈ రంగులు మారే రకం స్ట్రిప్‌కి 5 వోల్టులు ఇస్తే, డేటాషీట్ ప్రకారం సిగ్నల్ కనీసం 3.5 ఉండాలి. టేబుల్ మీద జానెడు వైరుతో చాలాసార్లు పనిచేసేస్తుంది, అదే మనల్ని ముంచేది. మండపంలో వైరు పొడుగవగానే రంగులు పిచ్చిపిచ్చిగా కొట్టుకుంటాయి. మధ్యలో సిగ్నల్‌ని 5 వోల్టులకి పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్పు ఒకటి పెడితే ఆ టెన్షన్ ఉండదు.

స్ట్రిప్‌కి కరెంటు బోర్డు నుంచి లాగకండి. ఫుల్ తెలుపులో ఒక్కో ఎల్ఈడీ దాదాపు 60 మిల్లీయాంపులు తింటుంది. మీటరుకి 60 ఉన్న స్ట్రిప్ అయితే ఒక్క మీటరుకే 3.6 యాంపులు. దానికి విడిగా 5 వోల్టుల అడాప్టర్ పెట్టి, దాని గ్రౌండ్‌నీ బోర్డు గ్రౌండ్‌నీ కలపాలి. కలపకపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా స్ట్రిప్ మాట వినదు.

సరే, ఈ టేబుల్ మీదున్నదానికి డేటా వైరు డీ1లో పెట్టాను. ముందు వరసలోవాళ్లు ఎవరైనా వచ్చి గ్రౌండ్ ఒకసారి చూడండి, స్విచ్ వేద్దాం.