లాగ్ లైన్‌కి వ్యాకరణం రాసుకుందాం

అందరికీ నమస్కారం.

తెర మీద ఒక ప్రకటన కనిపించగానే సర్వర్‌లో ఒక లైన్ పడుతుంది. దాన్ని ఎవరైనా నొక్కితే ఇంకో లైన్. సమయం, ఈవెంట్ రకం, క్యాంపెయిన్ నంబరు, ప్రకటన స్థలం కోసం జరిగే వేలంలో పలికిన ధర, పేజీ అడ్రసు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ప్రకటనదారుకు వెళ్లే బిల్లునూ, సైటు యజమానికి అందే డబ్బునూ ఈ లైన్ల నుంచే లెక్కకడతారు. అందుకే వీటిని ఫీల్డులుగా విడగొట్టడాన్ని, అంటే పార్స్ చేయడాన్ని, నేను చిన్న పనిగా చూడను.

మామూలుగా ఏం చేస్తాం? ట్యాబ్ దగ్గర స్ప్లిట్ కొడతాం, లేదంటే ఒక రెగెక్స్ (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అక్షరాల నమూనాను వెతికే సూత్రం) రాస్తాం. కొత్త ఫీల్డు వచ్చిన ప్రతిసారీ దానికో తోక తగిలిస్తాం. ప్రోగ్రామ్ ఆగిపోతే నాకు భయం లేదు, అలారం మోగుతుంది, ఎవరో ఒకరు చూస్తారు. ధర ఉండాల్సిన చోట బ్యానర్ వెడల్పు పెట్టేసి, చప్పుడు లేకుండా ముందుకు సాగిపోతేనే టెన్షన్.

పైగా వేలం రికార్డుల్లో జేసన్ (డేటాను బ్రాకెట్లలో పేర్చి రాసే పద్ధతి) ఉంటుంది, జాబితాలో ఇంకో జాబితా. భాషాశాస్త్రవేత్త నోమ్ చోమ్‌స్కీ 1956లో భాషలను తరగతులుగా విడదీసినప్పటి నుంచీ తెలిసిన సంగతే: ఎంత లోతుకైనా వెళ్లే బ్రాకెట్లను జతకట్టడం శుద్ధమైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వల్ల కాదు. వ్యాకరణం అంటే ఏ ముక్క తర్వాత ఏది రావాలో చెప్పే నియమాల జాబితా. అందులో ఒక నియమం తనను తానే పిలుచుకోగలదు కాబట్టి అది జతకడుతుంది.

చిన్న వ్యాకరణం చూడండి (← అంటే "ఇలా ఏర్పడుతుంది", / అంటే "లేదా"):

లైన్ ← సమయం ట్యాబ్ ఈవెంట్ ట్యాబ్ ధర ట్యాబ్ అడ్రసు
ఈవెంట్ ← "వ్యూయబుల్" / "వ్యూ" / "క్లిక్"
ధర ← సంఖ్య / భర్తీకాని_మాక్రో

నిన్న టీమ్‌లో చేరినవాళ్లు కూడా దీన్ని చదవగలరు. ఇది బ్రయాన్ ఫోర్డ్ 2004లో వివరించిన పెగ్ (పార్సింగ్ ఎక్స్‌ప్రెషన్ గ్రామర్) పద్ధతి. ఇందులో వరస ముఖ్యం, ముందు కుదిరినదే ఖాయం. "వ్యూ"ను మొదట రాశారనుకోండి. "వ్యూయబుల్" వచ్చినప్పుడు పార్సర్ (లైన్‌ను విడగొట్టే ప్రోగ్రామ్) మొదటి ముక్క దొరకగానే సరిపెట్టుకుంటుంది, ఆ వెంటనే ట్యాబ్ కోసం చూస్తుంది, అది లేక లైన్ మొత్తాన్ని తిరస్కరిస్తుంది. పొడవైన పేరు ఎప్పుడూ ముందుండాలి.

మూడో నియమం నాకు చాలా ఇష్టం. ప్రకటనల వేలానికి వాడే ప్రమాణమైన ఓపెన్‌ఆర్‌టీబీలో గెలిచిన ధరను ఒక మాక్రో (తర్వాత విలువ నింపడానికి పెట్టిన గుర్తు) స్థానంలో నింపాలి. ఒక్కోసారి ఎవరూ నింపరు. డాలరు గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లతో సహా ఆ మాక్రోనే లాగ్‌లోకి వచ్చేస్తుంది. అక్కడ సున్నా పెట్టడం అన్యాయం. సున్నా అంటే ఒక ధర, ఇక్కడ ధరే లేదు. దానికంటూ ఒక నియమం ఉంటే అలాంటివి ఎన్ని వచ్చాయో లెక్క తేలుతుంది. నిజమైన ధరను మాత్రం ఫ్లోటులో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్య రకంలో) దాచకండి. కరెన్సీ యూనిట్‌లో పదిలక్షో వంతును ప్రమాణంగా తీసుకుని పూర్ణాంకంగా ఉంచండి.

ఇక అడ్రసు. క్లిక్ అడ్రసు లోపల, ల్యాండింగ్ పేజీ (నొక్కితే తెరుచుకునే పేజీ) అడ్రసు ఒక పారామీటరుగా కూర్చుంటుంది. దానిలోని & గుర్తు ఎన్‌కోడ్ అయి, అంటే %26 అనే సంకేతంగా మారి వస్తుంది. ముందే డీకోడ్ చేస్తే లోపలి పారామీటర్లు బయటివాటితో కలిసిపోతాయి, ఏ క్యాంపెయిన్ ఎవరిదో తెలియదు. ముందు విడగొట్టాలి, తర్వాతే డీకోడ్ చేయాలి. వెబ్ అడ్రసుల రూపాన్ని నిర్ణయించే 2005 నాటి ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3986 చెప్పేదీ ఇదే. రెండుసార్లు ఎన్‌కోడ్ అయిన %2526 కనిపిస్తే, ఒక పొరకు ఒక్కసారే విప్పండి.

కుదరని లైన్లను పారేయకండి. అసలు లైనును ఉన్నదున్నట్టు, ఎన్నో అక్షరం దగ్గర ఆగింది, అక్కడ ఏం రావాల్సింది అన్న వివరంతో విడిగా దాచండి. వ్యాకరణం సవరించాక వాటిని మళ్లీ నడపవచ్చు. ఇంప్రెషన్ (ప్రకటన కనిపించిన నమోదు) లేకుండా క్లిక్ రావడం లాంటివి పట్టుకోవడం మాత్రం వ్యాకరణం పని కాదు, ఆ తనిఖీ తర్వాతి దశలో పెట్టుకోండి. చివరిగా, ప్రతి రికార్డులో వ్యాకరణం వెర్షన్ నంబరు రాయండి. రేపు ఒక నియమంలో లోపం దొరికితే, ఏ రికార్డులను తిరిగి పార్స్ చేయాలో ఆ నంబరే చెబుతుంది.