"ఏటి" అన్నందుకు నవ్వుతున్నారు

యాంకర్: మేడమ్, మీ సలహా కోసం విశాఖ మద్దిలపాలెం నుంచి మన రేడియోకి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "ఏమిటి"ని తమ యాసలో "ఏటి" అన్నందుకు స్నేహితులు నవ్వుతున్నారట. పేరు చెప్పనన్నాడు, పర్లేదు. చెప్పు తమ్ముడూ.

కాలర్: నమస్తే మేడమ్. ఇంజనీరింగ్ సెకండియర్. మాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దగ్గర పల్లె. హాస్టల్లో మా గ్యాంగు నాతో కలిపి ఎనిమిది మంది. ఒక శనివారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటుంటే అమ్మ ఫోన్ చేసింది. "ఏటమ్మా, బండి కాడున్నాను, మళ్లీ సేస్తాను" అన్నాను. అంతే. మర్నాటికి నా ఫొటో మీద "ఏటి" అని రాసి వాట్సాప్ స్టికర్ చేసేశారు.

మేడమ్: నువ్వేం చేశావు?

కాలర్: నేనూ నవ్వాను మేడమ్. ఆ స్టికర్ నేనూ వాడాను.

మేడమ్: ఊఁ. తర్వాత?

కాలర్: టీవీలో వాళ్లలా మాట్లాడ్డం అలవాటు చేసుకున్నాను. మధ్యలో ఎక్కడ నోరు జారుతుందోనని టెన్షన్. సెమినార్ రోజు జ్వరమని చెప్పి పడుకున్నాను. ఇంటికి ఫోన్ చేయాలంటే పైన మెట్ల దగ్గరికి పోతాను. మొన్న అమ్మ, "ఏటిరా, పరాయోలితో మాటాడినట్టు మాటాడతన్నావు" అంది.

మేడమ్: వాళ్లతో స్నేహం మానేద్దామనుందా?

కాలర్: లేదు మేడమ్. నాకు డెంగీ వచ్చినప్పుడు ఆసుపత్రిలో వంతులేసుకుని కూర్చుంది వాళ్లే.

మేడమ్: అదీ అసలు చిక్కు. చెడ్డవాళ్లయితే వదిలేసేవాడివి. అయినా విశాఖలో ఉంటూ "ఏటి" అంటే నవ్వడమేంటో! పూర్ణా మార్కెట్లో పది నిమిషాలు నిలబడితే ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కపెట్టమను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారిది మీ శ్రీకాకుళం వైపే, పర్వతాలపేట. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఇదంతా వాళ్లకి చెప్పావనుకో, ఇంకో స్టికర్ చేస్తారు. అందుకని వేరే సంగతి అడుగుతాను. ఆ ఏడుగురిలో నవ్వనివాడు ఉన్నాడా?

కాలర్: మా రూమ్మేట్. అనంతపురం అబ్బాయి. మొదట్లో వాడు "యాడికి పోతాండావు" అనేవాడు. ఇప్పుడు అనట్లేదు.

మేడమ్: చూశావా, వాడూ మింగేశాడు. 1950ల్లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే సైకాలజిస్టు కాలేజీ కుర్రాళ్లకి ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానంత పొడుగున్నది ఏదని అడిగాడు. చంటిపిల్లాడు కూడా చెప్పేస్తాడు. కానీ గదిలో ఒక్కడు తప్ప అందరూ ఆష్ మనుషులే. వాళ్లు కూడబలుక్కుని తప్పు చెబితే, ఆ ఒక్కడు మూడోవంతుకు పైగా సార్లు కళ్లెదుట ఉన్నదాన్ని వదిలేసి వాళ్లు తాన అంటే తందాన అన్నాడు. నిజం చెప్పేవాడు ఇంకొక్కడు పక్కనుంటే మాత్రం, అలా లొంగిపోవడం ముందున్న దాంట్లో నాలుగో వంతుకి పడిపోయింది. ఒక్కడు నాన్నా! ఏడుగుర్నీ మార్చక్కర్లేదు.

కాలర్: అంటే... రూమ్మేట్‌తో?

మేడమ్: రూములో ఉన్నప్పుడు నువ్వు నీ యాసలో, వాడు వాడి యాసలో మాట్లాడుకోండి. అలవాటయ్యాక మెస్‌లో. సెమినార్‌లో పుస్తకం భాష కావాలంటే మాట్లాడు, పెళ్లికి వెళ్తే మంచి చొక్కా వేసుకోమూ? అమ్మతో మాట్లాడ్డానికి మెట్లెక్కుతున్నావు చూడు, అది మటుకు మానెయ్.

యాంకర్: మరి స్టికర్ సంగతి మేడమ్?

మేడమ్: చేసినవాణ్ణి ఒక్కణ్ణే పక్కకి పిలువు. గ్రూపులో పెట్టకు, అక్కడ వాడికి జనబలం ఉంటుంది. "నాకు బాగోలేదురా, తీసెయ్" అను. నువ్వూ నవ్వావు కదా అంటాడు. "నవ్వాను, అప్పుడూ బాగోలేదు" అను. సంజాయిషీ వద్దు. మరీ ముదిరితే యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనలు 2009 నుంచి ఉన్నాయి. ప్రాంతం, భాష పేరుతో వేధించడాన్ని 2016 సవరణలో చేర్చారు. తెలిసుండటం మంచిదని చెబుతున్నాను, ఆసుపత్రిలో కూర్చున్నవాళ్ల మీద ముందే అంతదూరం వెళ్లకు.

కాలర్: సరే మేడమ్.

యాంకర్: తమ్ముడూ, ఇంట్లో వాళ్లు ఈ ప్రోగ్రామ్ వింటున్నారా?

కాలర్: లేదండి, మా కాడ... మా దగ్గర ఈ స్టేషన్ రాదండి.

మేడమ్: మొదట అన్నదే ఉంచు.

కాలర్: (నవ్వు) మా కాడ రాదండి.

యాంకర్: గాజువాక నుంచి ఇంకో కాల్. హలో... అమ్మా, మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించి మాట్లాడండి.