పడుకున్నా తీరని అలసట

అందరికీ నమస్కారం. మీ అందరిలాగే నాకూ రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే కీళ్లవాతం, వచ్చి 11 ఏళ్లయింది. కీళ్ల నొప్పుల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఈరోజు అలసట గురించి, నిద్ర గురించి మాత్రమే మాట్లాడతాను.

"రాత్రి తొమ్మిదింటికే పడుకున్నావు కదమ్మా, ఇంకా నీరసమేంటి?" ఈ మాట వినని వాళ్లు మనలో ఉండరు. మా అత్తగారు ప్రేమగానే అడిగేవారు, అయినా గుచ్చుకునేది, ఎందుకంటే నన్ను నేను రోజూ అడుక్కునే ప్రశ్న కూడా అదే. పొద్దున్నే పాల ప్యాకెట్ మూల చింపబోతే వేళ్లు వంగవు, కత్తెర తీసుకుందామంటే బొటనవేలు అందులో దూరదు, చివరికి పళ్లతో కొరికి గిన్నెలో పోసి, ఆ ఒక్క పనికే కుర్చీలో కూలబడేదాన్ని. అది బద్ధకం కాదు. పని చేసి అలిసిపోతే ఓ కునుకు తీసి తేరుకుంటాం. ఈ అలసట కునుక్కి తీరేది కాదు.

జ్వరం వచ్చినప్పుడు ఒళ్లంతా బరువెక్కి మంచం దిగబుద్ధి కాదు కదా. రోగనిరోధక కణాలు విడుదల చేసే టీఎన్ఎఫ్, ఐఎల్-6 లాంటి పదార్థాలు 'కదలకు, పడుకో' అని మెదడుకు పంపే కబురు అది. జ్వరం తగ్గితే కబురూ ఆగుతుంది. మన జబ్బులో ఆ కణాలు మన కీళ్ల మీదే పడతాయి, కాబట్టి వాపు అదుపులోకి వచ్చేదాకా కబురు వస్తూనే ఉంటుంది. పైగా ఐఎల్-6 తెల్లవారుజామున బాగా పెరుగుతుంది, పొద్దున్నే చేతులు బిగుసుకుపోవడానికి అదొక కారణం.

నాకు చాలా ఆలస్యంగా తెలిసిన విషయం ఇంకొకటి ఉంది. 2012లో అమెరికా పరిశోధకులు మన జబ్బున్న 27 మందిని, ఆరోగ్యంగా ఉన్న మరో 27 మందిని ఒక రాత్రి మూడింటి దాకా మేలుకోబెట్టారు. ఆ ఒక్క రాత్రితోనే మనలాంటి వాళ్లలో అలసట, నొప్పి పెరిగాయి, నొప్పి పెట్టే కీళ్ల సంఖ్య కూడా పెరిగింది. నొప్పి ఉంటే నిద్ర పట్టదని అందరికీ తెలుసు, నిద్ర చెడితే నొప్పి పెరుగుతుందని మాత్రం నాకు ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. నాకు నిజంగా కోపం వచ్చింది.

ఆస్పత్రికి వెళ్తే కీళ్లు నొక్కి చూస్తారు, వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ చూస్తారు. నిద్రెలా పడుతోందని అడిగేవాళ్లు తక్కువ, కాబట్టి మనమే చెప్పాలి. అలసటకు కొలత ఉండదని అనుకోకండి, 1989లోనే దానికోసం 9 ప్రశ్నల ఫటీగ్ సివియారిటీ స్కేల్ వచ్చింది, దాన్ని మొదట పరీక్షించిన వాళ్లలో మన జబ్బులాగే రోగనిరోధక కణాలు సొంత ఒంటి మీదే పడే లూపస్ ఉన్నవాళ్లు కూడా ఉన్నారు.

నేను రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, నొప్పికా, బాత్రూమ్‌కా, ఊరికే టెన్షన్‌తోనా, మాత్రలు ఏ వేళకు వేసుకున్నాను, అంతే. అది చూడగానే డాక్టర్‌గారు పట్టేశారు, నేను ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర సాయంత్రం వేసుకుంటున్నాను, అది నిద్రను చెడగొడుతుంది. పొద్దున టిఫిన్ తర్వాతకు మార్చారు, రాత్రంతా పక్కమీద దొర్లడం బాగా తగ్గింది. మీరు మాత్రం సొంతంగా వేళలు మార్చడం, స్టెరాయిడ్ ఉన్నట్టుండి మానేయడం చెయ్యకండి. రక్తం తక్కువగా ఉందేమో, థైరాయిడ్ ఉందేమో కూడా చూపించుకోండి. గురక గట్టిగా వస్తోందని ఇంట్లోవాళ్లు అంటే కొట్టిపారేయకండి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుండవచ్చు.

నడక గురించి ఒక్క మాట. ఒంట్లో సత్తువే లేనప్పుడు నడవమంటే నాకూ ఒళ్లు మండేది. పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాక అలసట తగ్గింది, పెరగలేదు. మన జబ్బుకు వారానికోసారి వేసుకునే మందు మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు మాత్రం నాకు నీరసంగా ఉంటుంది, ఆ రోజు పెద్ద పనులేవీ పెట్టుకోను, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్తాను. ఇప్పుడు ఆ ఒక్క రోజు పాల ప్యాకెట్ మా అత్తగారే చింపుతారు.

నా నోట్‌బుక్ ఇక్కడే టేబుల్ మీద పెడుతున్నాను, ఎలా రాశానో చూసుకోండి. ముందు వరసలో అమ్మ ఎవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా.