వెతికేవారికి మన చేనేత దొరకాలంటే

చేనేత సహకార సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, మగ్గం దిగి నేరుగా ఇక్కడికి వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం.

‘డబ్బు పెట్టి వెబ్‌సైట్ చేయించాం, ఒక్కరూ రావడం లేదు’ అని మీలో చాలామంది నాతో అన్నారు. ముందుగా ఈ తెర మీద ఒక పేజీ చూడండి. ఒక సంఘానిదే, పేరు తీసేశాను. పైన రంగుల బ్యానరు, అందులో ‘పోచంపల్లి ఇక్కత్ పట్టు చీరలు’ అని చక్కటి అక్షరాలు, కింద ధరల పట్టిక. ఇప్పుడు మౌస్‌తో ఆ పేరు వరకే ఎంచుకోబోతున్నాను. చూశారా? ఒక్క అక్షరమూ విడిగా చిక్కలేదు, బొమ్మ మొత్తం కదిలింది. పేరు, ధర, చిరునామా అన్నీ ఆ బొమ్మలోనే ఇరుక్కుపోయాయి. బొమ్మల్లోని రాతను కూడా గూగుల్ వంటి వెతికే యంత్రాలు ఇప్పుడు చదువుతున్నాయి కదా అని మీరనవచ్చు. నిజమే. అయినా శీర్షికల వంటి ముఖ్యమైన రాతను బొమ్మల్లో పెట్టవద్దని గూగుల్ తన మార్గదర్శకాల్లో చెబుతూనే ఉంది. మన అక్షరాలను అక్షరాలుగానే రాయాలి.

తెలుగులో దీనికి తోడు మరో చిక్కు ఉంది. పాత డీటీపీ ఫాంట్లలో తయారైన పేజీల్లో తెరపై ‘క’ కనిపిస్తుంది కానీ, లోపల దాగి ఉన్నది ఏదో ఒక ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. ఫాంటు దానికి తెలుగు రూపు తొడిగిందంతే. ఆ పేజీలో ఒక వాక్యాన్ని కాపీ చేసి మీ ఫోనులోకి పంపుకోండి, అర్థం లేని గీతలూ చుక్కలూ వస్తాయి. వెతికే యంత్రానికి చేరేదీ అదే. దీనికి మందు యూనికోడ్, అంటే ప్రపంచ భాషల్లోని ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య కేటాయించిన ఉమ్మడి పద్ధతి. అది 1991లో తన తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. అందులో ‘క’ సంఖ్య 3093. ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫోనులోనైనా అదే సంఖ్య, అదే ‘క’. కరపత్రాలు వేసే ప్రెస్సు నుంచి తెచ్చిన పాత ఫైళ్లను అలాగే ఎక్కించకండి, యూనికోడ్‌లోకి మార్పించండి. ఈ ఒక్క పని చేయకపోతే మిగతా హంగులన్నీ వృథా అని గట్టిగా చెబుతున్నాను.

ఇక ఏం రాయాలి? ‘నాణ్యతే మా ధ్యేయం, వినియోగదారుడే మా దేవుడు’ అని రాస్తే లాభం లేదు, ఆ మాటలతో ఎవరూ చీరలు వెతకరు. కొనేవారికి కొన్ని సందేహాలుంటాయి. ఇది అసలు ఇక్కతేనా? ఇంట్లో ఉతకవచ్చా? చీర ఎన్ని రోజుల్లో చేరుతుంది? మొదటి ప్రశ్ననే తీసుకోండి. మీరు నూలునే ముందుగా చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. కాబట్టి డిజైను బట్టకు రెండు వైపులా కనబడుతుంది. ఒక వైపే అచ్చు వేసిన నకిలీని తిరగేస్తే వెనక వెలవెలబోతుంది. ఈ సంగతి మీకు పుట్టుకతో తెలుసు, కొనేవారికి తెలియదు. దీని మీదే ఒక పేజీ రాయండి. ముందూ వెనకా రెండు ఫొటోలు పెట్టండి. ఫొటో కింద అది ఏమిటో మాటల్లో చెప్పండి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిన విషయమూ అక్కడే రాయండి. ఆ పేజీ శీర్షిక ‘హోమ్’ అనో ‘పేజీ 3’ అనో కాకుండా ‘అసలైన పోచంపల్లి ఇక్కత్‌ను గుర్తుపట్టడం ఎలా’ అని ఉండాలి. ఫలితాల్లో వెతికేవారి కంటికి ముందు ఆనేది ఆ శీర్షికే. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసేవారు విదేశాల్లోనూ మన దగ్గరా లక్షల్లో ఉన్నారు కనుక, మీ ఊరి పేరు, చీర పేరు ఆ లిపిలోనూ ఒకచోట ఉండనివ్వండి.

ఫొటోల ఫైలు సైజు తగ్గించండి, లేకపోతే ఫోనులో పేజీ ఆలస్యంగా తెరుచుకుంటుంది. గూగుల్ ఇప్పుడు ప్రధానంగా చూసేది మీ సైటు ఫోనులో కనిపించే రూపాన్నే.

మరో మాట. ‘మొదటి స్థానం గ్యారంటీ’ అంటూ డబ్బు అడిగేవారు మీ దగ్గరికి వస్తారు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. కీలకపదాల ట్యాగులో, అంటే చదివేవారికి కనబడకుండా పేజీ కోడులో రాసే మాటల జాబితాలో, వంద పేర్లు కుక్కుతామంటారు. ర్యాంకు ఇవ్వడానికి ఆ ట్యాగును చూడనే చూడమని గూగుల్ 2009లోనే ప్రకటించింది. లింకులు కొనిపెడతామంటారు. కొన్న లింకులతో పైకి ఎగబాకిన సైట్లను, గూగుల్ తన ర్యాంకుల లెక్కలో 2012లో తెచ్చిన ‘పెంగ్విన్’ అనే మార్పు కిందికి దించింది. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ గూగుల్ యంత్రాన్ని కట్టినప్పుడు, ఒక పేజీ మరో పేజీకి ఇచ్చే లింకును సిఫారసుగా లెక్కించారు. ఆ సిఫారసు నిజమైనదై ఉండాలి. మీ గురించి రాసిన పత్రిక, మీ బట్ట కొని కుట్టే డిజైనరు, మీ ఊరు చూసి వెళ్లిన యాత్రికుడు వంటివారిని అడగండి, లింకు ఇస్తారు. సంఘం డబ్బు నూలు కొనడానికి దాచుకోండి.

ఇవన్నీ చేశాక గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైటును నమోదు చేయండి, అది ఉచితం. ఏయే మాటలతో వెతికినప్పుడు మీ పేజీ కనబడిందో, ఎందరు లోపలికి వచ్చారో అందులో తెలుస్తుంది. చాలాసార్లు కనబడి, ఎవరూ నొక్కని మాట ఉంటే ముందు ఆ పేజీ శీర్షిక తిరగరాయండి. మీరు ఊహించని ప్రశ్న అక్కడ కనిపిస్తే దానికి జవాబుగా కొత్త పేజీ రాయండి. ఫలితం వారంలో రాదు, నెలలు పడుతుంది.

ఇప్పుడు మీ మీ సైట్లు తెరుద్దాం. ముందు ఎవరిది చూడమంటారు?