సీసా నిండా తడి ఉన్నా మొక్కకు దాహమే: బంగాళదుంపకు బెట్ట పరీక్ష

నమస్కారం. బంగాళదుంప రకాల్లో బెట్టను తట్టుకునేవి ఏవో టిష్యూ కల్చర్‌లో, అంటే మొక్క ముక్కను సీసాలో పోషకాల జెల్లీపై పెంచే పద్ధతిలో, తేలుస్తారని చెప్పిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న వస్తోంది: "సీసాను ఎండబెడతారా?" లేదు. సీసా నిండా తడే. ఆ తడి వేరుకు అందకుండా చేయడమే పరీక్ష.

మాగాయ పెట్టడం గుర్తు తెచ్చుకోండి. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే మూడో నాటికి జాడీలో ఊట దిగుతుంది. నీరు జాడీ దాటి పోలేదు, అయినా ముక్క వడలిపోయింది. సీసాలోనూ అంతే: పోషకాల జెల్లీలో నీటిని పట్టి ఉంచే పదార్థం చేరుస్తారు, వేరు ఎంత పీల్చినా నీరు సులువుగా రాదు.

మరి ఉప్పే వేయవచ్చు కదా? నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. మాగాయ ముక్క కొరికితే లోపలి దాకా ఉప్పగా ఉంటుంది. మొక్కలోకీ ఉప్పు అలాగే దూరుతుంది. అప్పుడు మొక్క వాడింది దాహంతోనా, ఉప్పు విషంతోనా? తేల్చలేం. అందుకే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం 6000 లేదా 8000 రకం వాడతారు (ఆ అంకె దాని అణుభారం). దాని అణువులు పెద్దవి, కణంలోకి దూరలేవు. ఊట దింపుతుంది, ముక్కకు మాత్రం పట్టదు! సార్బిటాల్, మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థాలు వాడేవారూ ఉన్నారు. అవి కొంత లోపలికి చేరతాయి కాబట్టి నా మొగ్గు గ్లైకాల్ వైపే. దానితో చిక్కల్లా, జెల్లీని పేరబెట్టే అగార్‌ను సరిగా గట్టిపడనివ్వదు. అందుకని ముందు అగార్‌ను పేరనిచ్చి, పైన గ్లైకాల్ ద్రావణం పోసి ఇంకనిస్తారు.

(రెండు సీసాలు దగ్గరగా చూపిస్తూ)

నాటేది ఒక ఆకు, దాని మొదట్లో ఒక మొగ్గ ఉన్న చిన్న కణుపు ముక్క. ఈ రెండూ ఒకే మొక్క నుంచి కోసినవి, జన్యువులు ఒకటే. నాలుగు వారాలకు మామూలు సీసాలోది మూత దాకా ఎదిగింది. గ్లైకాల్ సీసాలోది పొట్టిదే, కానీ వేర్లు చూడండి, ఎంత ఒత్తుగా దించిందో! నాకు కావలసింది ఇలాంటి రకమే.

సమయం అయిపోతోంది, మిగతాది త్వరగా చెబుతాను. వేరు పొడవు, కాండం ఎత్తు, ఎండు బరువు, ప్రోలిన్ (బెట్టలో మొక్క పోగుచేసుకునే అమైనో ఆమ్లం) కొలిచి, ఏ రకాన్ని ఆ రకం మామూలు సీసాతోనే పోలుస్తారు. సీసాలో గాలి తేమగా ఉంటుంది కనుక ఆకు రంధ్రాలు ఎలా ప్రవర్తిస్తాయో తెలియదు. వేరు నేలలో ఎంత లోతుకు పోతుందో అంతకన్నా తెలియదు. అయినా పెరూలోని లిమాలో అంతర్జాతీయ బంగాళదుంప కేంద్రం గాజు గొట్టాల్లో కాపాడుతున్న వేల రకాలను ఒక్కసారిగా పొలంలో నాటలేం కదా. సీసాలో వడపోస్తే కొన్నే మిగులుతాయి. వాటిని పొలంలో నాటి, గడ్డలు కట్టే వేళకు తడులు ఆపి, తవ్వి తూకం వేయాలి.