పురిటి నొప్పులకు ఎపిడ్యూరల్: నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. డాక్టర్ గారూ, పురిటి నొప్పి తెలియకుండా వెన్నులోకి మందు ఇచ్చే పద్ధతే ఎపిడ్యూరల్. కానీ వెన్నులో సూది అనగానే చాలామంది గర్భిణులు జంకుతారు. అసలు అక్కడ జరిగేదేమిటి?

మత్తు వైద్యురాలు: వెన్నుపాము సాధారణంగా నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది; మేము సూది వేసేది అంతకన్నా కింద, అదీ వెన్నుపామును కప్పి ఉన్న పొరకు వెలుపలి ఖాళీలోకి. సిరంజిని నొక్కుతూ సూదిని ముందుకు జరుపుతుంటే గట్టిగా అడ్డు తగులుతుంది, ఆ ఖాళీలోకి చేరగానే అడ్డు ఒక్కసారిగా తొలగిపోయిన సంగతి వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు సన్నని గొట్టాన్ని లోపల ఉంచి సూదిని తీసేస్తాం. మందు వెళ్లాక 10 నుంచి 20 నిమిషాల్లో ఉపశమనం కలుగుతుంది.

వ్యాఖ్యాత: దీనివల్ల సిజేరియన్ తప్పదనీ, నడుము నొప్పి జీవితాంతం వదలదనీ అంటారు.

ప్రసూతి వైద్యురాలు: ఆ రెండు మాటలూ పరిశోధనల్లో నిలవలేదు. ఎపిడ్యూరల్ తీసుకోని బాలింతలకూ నడుము నొప్పి వస్తూనే ఉంటుంది. కానీ బిడ్డను బయటికి తోసే దశ కొంత సాగుతుందన్నది మాత్రం నిజం, దాన్ని దాచకూడదు. పూర్వం మందు గాఢత ఎక్కువగా ఉండి కాళ్లు మొద్దుబారేవి, ఇప్పుడు 0.1 శాతం లేదా అంతకన్నా పలుచని బుపివకైన్ అనే తిమ్మిరి మందులో కొద్దిగా ఫెంటానిల్ అనే నొప్పి మందు కలిపి ఇస్తున్నారు కాబట్టి తల్లి తన బలంతో ముక్కగలుగుతుంది.

మంత్రసాని: అయినా మంచం పక్కన పని పెరుగుతుంది. బీపీ పడిపోవచ్చు, దురద రావచ్చు, మూత్రం వచ్చినట్టు తెలియకపోవచ్చు. బిడ్డ గుండె చప్పుడును విడవకుండా గమనించాలి. నడవడం, గోరువెచ్చని నీళ్లు, పక్కన మనిషి తోడు వీటితోనే గడిపేయగల వారికి ఇది అవసరం లేదని నా అభిప్రాయం.

మత్తు వైద్యురాలు: అవసరమో కాదో తేల్చవలసింది నొప్పులు పడే తల్లే. అడగడమే చాలినంత కారణం. గర్భాశయ ముఖం 4 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా ఆగాలన్న పాత నియమం కూడా ఇప్పుడు లేదు.

వ్యాఖ్యాత: మరి ప్రమాదాలు?

మత్తు వైద్యురాలు: సుమారు 100 మందిలో ఒకరికి, సూది లోపలి పొరను తాకి చిల్లు పడినందువల్ల, లేచి కూర్చుంటే తీవ్రమయ్యే తలనొప్పి వస్తుంది, దానికి చికిత్స ఉంది. నరాలకు శాశ్వత హాని చాలా అరుదు. రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, సూది వేసే చోట చీము పట్టినా సాధారణంగా ఇవ్వం.

ప్రసూతి వైద్యురాలు: అందుకే నా పట్టుదల ఒకటుంది. నిమిషానికోసారి నొప్పి మెలిపెడుతుంటే ఇవన్నీ వినిపించి సంతకం పెట్టించుకోవడం సమ్మతి అనిపించుకోదు. ఏడో నెలలోనే మత్తు వైద్యులను కలిపించి, వాడుతున్న మందులు, పాత వెన్ను శస్త్రచికిత్సలు, రక్తస్రావ సమస్యలు చెప్పించాలి. ఆనాడు ‘వద్దు’ అన్న ఆమె కాన్పు గదిలో ‘కావాలి’ అన్నా, ‘కావాలి’ అన్న ఆమె ‘వద్దు’ అన్నా ఆ మాటే చెల్లుతుంది.